పరుపు కొలత

మౌలాలికి ఏడుపు రావడం ఆగిపోయింది.

ఇదీ ఒక కష్టమేనా అని ఎవరైనా అనవచ్చు. కానీ పెన్న ఒడ్డున ఉన్న ఆ చిన్న దర్గాలో, శుక్రవారం మధ్యాహ్నం బుడాన్ తాత చుట్టూ కూర్చునేవాళ్ళందరికీ మౌలాలి ఏడుపు తెలుసు. తాత తంబుర మీటి ఒక తత్త్వం అందుకుంటే, రెండో చరణం పూర్తి కాకముందే అతడి కళ్ళు నిండేవి. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. తాత చూసీ చూడనట్టు పాడుకుంటూ పోయేవాడు. పాట అయిపోయాక మౌలాలికి ఒళ్ళు తేలికయ్యేది. వారమంతా మోసిన బరువేదో అక్కడ దించేసినట్టు లేచి వెళ్ళేవాడు.

కొన్నాళ్ళుగా అది లేదు. తాత గొంతు అదే, తత్త్వాలూ అవే. మౌలాలి కళ్ళు మూసుకుంటాడు, లోపల ఏమీ కదలదు. బండ మీద పడిన వాన జారిపోయినట్టు పాట అతడి మీదుగా జారిపోతుంది.

ఒక శుక్రవారం అందరూ వెళ్ళిపోయాక అతడు ఉండిపోయాడు.

తాత మూడు రాళ్ళ పొయ్యి మీద టీ కాస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు ఆయనా దూదేకి పరుపులు కుట్టినవాడే. ఆ దుమ్ముకు ఊపిరి పట్టేసి పని మానుకున్నాక, దర్గా చూసుకుంటూ ఇక్కడే ఉండిపోయాడు. ఎవరికీ పెద్దగా ఏమీ బోధించడు. అడిగితే చెప్తాడు, అదీ ఒక మాట.

"తాతా, నా లోపల ఏదో ఎండిపోయింది," అన్నాడు మౌలాలి. "నువ్వు పాడితే వినపడతాది, అంతే. ఏమన్నా చదువుకోమంటే చదువుకుంటా. ఉపవాసం ఉండమంటే ఉంటా. ఇప్పుడు కూడా సరిగ్గా ఒక పూటే తింటాండా."

తాత రెండు గ్లాసుల్లో టీ పోసి ఒకటి అతడి ముందు పెట్టాడు.

"వద్దు తాతా. మానేసినా."

"దీనికి దుడ్లు ఇయ్యాల్సిన పనిలేదు గదా."

"ఇయ్యకపోయినా, ఈ పొద్దు తాగితే రేపు నాలిక మళ్ళా అడుగుతాది."

తాత ఆ గ్లాసు కూడా తనవైపు జరుపుకున్నాడు. "ఎందుకు మానేసినావో చెప్పు," అన్నాడు.

మౌలాలి చెప్పాడు. ఏడుపు రాలేదని చెప్పడానికి వచ్చినవాడి గొంతులో, ఈ సంగతి చెప్తుంటే కొంచెం గర్వం కూడా పలికింది.

పోయిన ఏడు పెన్నకు నీళ్ళొచ్చినప్పుడు ఏటిగట్టు కింద గుడిసెలన్నీ కొట్టుకుపోయాయి. వాటిలో మౌలాలిదీ ఒకటి. మనుషులు మాత్రం దక్కారు. భార్య పీరమ్మనూ, మూడేళ్ళు నిండని కూతురు నూరీనీ బద్వేలులో బావమరిది హుసేనప్ప ఇంట్లో వదిలి, తాను పని ఉన్న ప్రొద్దుటూరుకు తిరిగి వచ్చాడు. హుసేనప్ప మంచివాడే. ఆయన భార్యా చెడ్డది కాదు. కానీ అది రెండు గదుల ఇల్లు, వాళ్ళ పిల్లలే అయిదుగురు. పీరమ్మ పళ్ళెంలో అన్నం తక్కువ పెట్టుకుంటోందని మొదటిసారి చూడబోయినప్పుడే మౌలాలి గమనించాడు. ఆ మాట ఆమెతో అనలేదు. "ఇల్లు కుదుర్చుకుని వచ్చి వీళ్ళను తీసకపోతా," అని బావమరిదితో అన్నాడు. అనేశాక ఆ మాట అతడి మెడకు చుట్టుకుంది.

ఊళ్ళో తూర్పు వైపున సుబ్బన్న అనే ముసలి బండివాడు తన ఒంటిగది ఇల్లు అమ్ముతానన్నాడు. మట్టిగోడలు, పైన నాపరాళ్ళు, ముందర చిన్న వసారా. దసరా లోపల డబ్బు మొత్తం చేతిలో పెడితే ఇల్లు నీదే, ఆ తర్వాతైతే నేను మాటివ్వను అన్నాడు. అంత డబ్బు ఒకచోట మౌలాలి ఎన్నడూ చూసినవాడు కాదు.

అయినా దారి వెతుక్కున్నాడు. పగలు దూదేకే విల్లు భుజాన వేసుకుని వీధులు తిరిగి, పాత పరుపులు విప్పి దూది ఏకి మళ్ళీ కుట్టే పని ఉండనే ఉంది. దానికి ముందు, తెల్లవారుజామున ఒక హోటలుకు బావి నీళ్ళు చేదిపోసే పని పట్టాడు. కూలీ కాక, ముందురోజు మిగిలిన ఇడ్లీలు పెట్టేవారు. అదే అతడి తిండి. ఊళ్ళో రెండు సినిమా హాళ్ళు ఒకే బొమ్మ ఆడిస్తుంటే, ఒక హాల్లో అయిపోయిన రీళ్ళ పెట్టెను సైకిలు మీద రెండో హాలుకు చేర్చాలి. సాయంత్రం ఆ పనీ ఒప్పుకున్నాడు. పడక ఆ హాలు వసారాలోనే కాబట్టి అద్దె లేదు. బీడీలు మానేశాడు. టీ మానేశాడు. గడ్డం తీయించుకోవడం మానేశాడు. బద్వేలుకు పంపవలసింది పంపి, మిగిలింది మిగిలినట్టు హోటలు శెట్టి దగ్గర దాచేవాడు. ఏ వారమైనా పోయిన వారం కన్నా తక్కువ దాచవలసి వస్తే, ఆ పూట ఇడ్లీ కూడా గొంతు దిగేది కాదు.

"సగం పైనే అయింది తాతా," అన్నాడు. "ఇట్లనే పోతే దసరాకు సరిపోతాది. ఇంత తొందరగా ఎట్ల కూడబెట్టినావని శెట్టే ఆశ్చర్యపోతాండాడు."

"బద్వేలుకు ఎప్పుడు పొయ్యొచ్చినావు?"

మౌలాలి తువ్వాలు మడత పెట్టుకున్నాడు. "ఉగాది ముందర."

అప్పటికి శ్రావణమాసం వెళ్ళిపోతోంది.

"మొదట్లో పదిహేను దినాలకొకసారి పోతాంటి," అన్నాడు. "పోవాలంటే బస్సు చార్జీ, ఆ దినం కూలి పాయె, హాలు పని వేరేవాడు చేస్తాడు, వాడికిచ్చేది పాయె. అన్నీ కలిపితే శానా అయితాంది. అది నిలిపేస్తే ఇల్లు అంత ముందే వస్తాది. వాళ్ళకోసమే గదా తాతా."

"మరి మనసుకు?"

"మొదట్లో కష్టమయ్యేది. పండుకుంటే పిల్ల గుర్తొచ్చేది. గుర్తొస్తే తెల్లారి బస్టాండు దిక్కు కాళ్ళు పోయేవి. ఒకసారి బస్సెక్కి కూర్చుని కూడా దిగొచ్చినా. ఇట్ల అయితే కాదని, తలుచుకోవడం తగ్గించినా. గుర్తు రాబోతానే మనసు వేరే పని మీదికి తిప్పుతా. ఇప్పుడు అలవాటైపోయింది. అంతగా గుర్తు రారు."

ఇడ్లీల సంగతి ఎట్లా చెప్పాడో ఇదీ అట్లాగే చెప్పాడు.

తాత రెండో గ్లాసు ఖాళీ చేసి, కడిగి బోర్లించాడు. కింద ఏట్లో ఎవరో నీళ్ళకోసం ఇసుకలో చెలమ తోడుకుంటున్నారు. తాత అటే చూశాడు.

"నాకొక పరుపు కుట్టిపెట్టాల," అన్నాడు. "దూది నేనిస్తా. కూలీ ఇస్తా."

మౌలాలి చటుక్కున నిటారుగా కూర్చున్నాడు. అనుకోని పని, అనుకోని కూలీ. "ఎవరికి తాతా?"

"చిన్నపిల్లకు. మూడేండ్లు దాటింటాది. ఎంత పొడుగు కావాలంటావు?"

మౌలాలి ఆలోచించలేదు. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు ఎదురెదురుగా పెట్టి, గాలిలో ఒక పొడుగు చూపించాడు. పరుపులు కుట్టేవాళ్ళకు అది అలవాటే. "పిల్ల ఇంతుంటాది," అన్నాడు. "దానికి ఒక జానెడు కలుపుకుంటే సరి."

"అది ఎప్పటి కొలత?" అన్నాడు తాత.

మౌలాలి చేతులు అట్లాగే ఉన్నాయి.

"ఉగాది ముందరిది," అన్నాడు.

"ఇప్పుడెంత?"

కుడిచెయ్యి కొద్దిగా పక్కకు జరిగింది. ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. మనిషిని వాకిట్లో చూడగానే పరుపు కొలత చెప్పే చేతులు అవి. ఎంత జరగాలో వాటికి తెలియలేదు.

తాత లేచి లోపలికి వెళ్ళి దారపుండ తెచ్చాడు. మౌలాలి ఎడమ అరచేతి నుంచి కుడి అరచేతి దాకా దారం పట్టి తెంపాడు. దాన్ని వేలికి చుట్టి, తీసి, అతడి జేబులో వేశాడు.

"దీంతో కుట్టలేము," అన్నాడు. "పొయ్యి సరైన కొలత తీస్కరా."

"తాతా, దసరా దగ్గర పడింది..."

తాత పొయ్యిలో నిప్పు ఆర్పుతున్నాడు. వినపడినట్టు లేదు.

మౌలాలికి కోపం వచ్చింది. దారి పొడుగునా లోపల గొణుక్కుంటూనే హాలుకు వచ్చాడు. ఒక్కడే బతికే ముసలాయనకు ఇల్లూ పిల్లలూ అంటే ఏం తెలుస్తుంది అనుకున్నాడు. అనుకున్నందుకు చెంపలు వేసుకున్నాడు. తాత చెప్పిన పని అతడు ఎన్నడూ కాదనలేదు. రీళ్ళ పెట్టె పని ఒక తెలిసినవాడికి అప్పజెప్పి, మరునాడు పొద్దున బద్వేలు బస్సెక్కాడు.

మైదుకూరు దాటేదాకా ఆ రోజు పోయే కూలి గురించే ఆలోచించాడు. దాటాక ఎందుకో జేబులోంచి దారం తీసి మోకాళ్ళ మీద పరుచుకున్నాడు. ఇంత పిల్ల. ఏటినీళ్ళు వాకిట్లోకి వచ్చినప్పుడు భుజాన వేసుకుని గట్టెక్కితే, నీళ్ళ చప్పుడుకు గానీ జనం కేకలకు గానీ కళ్ళు తెరవలేదు. మెడ మీద దాని ఊపిరి వెచ్చగా తగులుతుండేది. ఆ వెచ్చదనం గుర్తొచ్చి మౌలాలి మెడ తడుముకున్నాడు. మనసు తిప్పుకుందామనుకున్నాడు. బస్సులో తిప్పుకోవడానికి వేరే పని లేదు. బద్వేలు వచ్చేదాకా ఆ దారాన్ని చూస్తూనే ఉన్నాడు.

నూరీ హుసేనప్ప ఇంటి అరుగు మీద చింతగింజలతో ఆడుకుంటోంది. జుట్టు పెరిగి రెండు పిలకలయ్యాయి. వీధి మలుపులోనే మౌలాలి గుర్తుపట్టాడు. నడక పరుగైంది. అరుగు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

పిల్ల తలెత్తి చూసింది. పెరిగిన గడ్డం, ఎముకలు తేలిన ముఖం, దూదిపీచు అంటిన తువ్వాలు. గింజలు గుప్పిట్లో దాచుకుని లోపలికి పరుగెత్తింది.

"అత్తా, ఎవరో వచ్చినారు."

మౌలాలి మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు.

పీరమ్మ పిండి చేతులతో బయటికి వచ్చింది. అతణ్ణి చూసి గడపలోనే నిలబడిపోయింది. ముఖం వెలిగింది. "ఇల్లు కుదిరిందా?" అంది. అంటూనే వెనక్కి తిరిగి, మూలన ఉన్న తన రేకుపెట్టె వైపు చూసింది.

"ఇంకా లేదు."

"మరి?"

"పిల్ల కొలత కోసం వచ్చినా. తాత పరుపు కుట్టమన్నాడు."

పీరమ్మ లోపలికి వెళ్ళింది. చేతులు కడుక్కుని చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. అతడు తాగుతుంటే అతడి మెడ ఎముకల వైపు చూసింది.

"మొన్నమొన్నటిదాకా వాకిలి దగ్గరే పండుకునేది," అంది. "నాయన వస్తే నేనే తలుపు తీస్తానని. ఎంత చెప్పినా లోపలికి వచ్చేది కాదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు వాళ్ళత్త పక్కన పండుకుంటాంది. తలుపు మాట ఎత్తడంల్యా."

మౌలాలి చెంబు కింద పెట్టాడు.

లోపల చాప పరిచారు. నూరీ తల్లి కొంగు పట్టుకుని ఆమె వెనకే ఉండిపోయింది. "రా నూరీ, ఒక్క నిమిషం పండుకో," అన్నాడు మౌలాలి. పిల్ల కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. పిల్ల ఇంకా వెనక్కి పోయింది. అతడు దారం చేతిలో పట్టుకుని, ఏం చేయాలో తెలియక చాప పక్కన కూర్చున్నాడు.

అప్పుడు పీరమ్మ తాను చాప మీద పడుకుంది. కొంగు సర్దుకుని, కాళ్ళు చాపి, పైకప్పు వైపు చూస్తూ, "ముందు నాది తియ్యి," అంది.

అతడు తన పని సంచిలోంచి దారపుండ తీశాడు. ఆమె నడినెత్తి దగ్గర ఒక కొస ఆనించాడు. ఆముదం వాసన వచ్చింది. దారం వదులుతూ ఆమె భుజం పక్కగా, నడుము పక్కగా, మోకాళ్ళ మీద జరుగుతూ పాదాల దాకా వచ్చాడు. వెండి మెట్టెలు లేవు. ఎప్పుడు తీసేసిందో, ఎందుకు తీసేసిందో అతడు అడగలేదు. ఆమె మడమను అతడి వేళ్ళు తాకాయి. ఆమె కళ్ళు మూసుకుంది. లోపలి గదిలో ఆమె వదిన రోకలి చప్పుడు ఆగింది. ఆ దారం తెంపడానికి మౌలాలికి చాలాసేపు పట్టింది.

"ఇంగ నాది," అంది నూరీ.

తల్లి పక్కన వెల్లకిలా పడుకుని, నవ్వు ఆపుకుంటూ కళ్ళు గట్టిగా మూసుకుంది. మౌలాలి తాత ఇచ్చిన దారాన్ని పిల్ల పక్కన పరిచాడు. నడినెత్తి నుంచి మొదలుపెడితే, చీలమండల పైనే అయిపోయింది. దారం కొస దాటి నాలుగు వేళ్ళ మేర పిల్ల ఇంకా ఉంది.

ఆ నాలుగు వేళ్ళ మేరను అతడు అరచేత్తో కప్పాడు. తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు. భుజాలు కదులుతుంటే పీరమ్మ చూసి, అటు తిరిగి పడుకుంది.

"అయిపోయిందా నాయనా?" అంది పిల్ల, కళ్ళు తెరవకుండానే.

"లేదు," అన్నాడు. "ఇంకొంచెంసేపు పండుకో."

మధ్యాహ్నం బస్సుకు తిరిగి వెళ్ళాలనుకున్నవాడు ఆ బస్సుకు వెళ్ళలేదు. అన్నాలప్పుడు తన పళ్ళెంలో సగం పీరమ్మ పళ్ళెంలో వేశాడు. ఆమె వద్దనలేదు. సాయంత్రం బస్టాండు దాకా ఆమె కూడా నడిచి వచ్చింది, పిల్లను చంకనెత్తుకుని.

"ఇట్ల వస్తాంటే దసరాకు ఇల్లు కాదు," అన్నాడు అతడు.

"తెలుసు."

"ఇంగ ఎన్నాళ్ళు పడతాదో చెప్పలేను. నువ్వు ఈడ..."

"నేనుంటా," అంది పీరమ్మ. "నువ్వు రా."

తర్వాతి శుక్రవారం మౌలాలి తాత ముందు రెండు దారాలు పెట్టాడు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

"రెండెందుకు?" అన్నాడు తాత.

మౌలాలి పెద్దదాన్ని కొద్దిగా తాత వైపు జరిపాడు.

తాత రెండింటినీ పక్కపక్కనే పరిచి చూశాడు. "పెద్దదాని కొలతకే కుట్టు," అన్నాడు. "దూది ఉంది."

కుట్టిన పరుపును చుట్టగా చుట్టి, బస్సు పైన వేసుకుని మౌలాలే బద్వేలుకు చేర్చాడు. తాత ముందు అన్నట్టే కూలీ అతడి చేతిలో పెట్టాడు. అది రెండుసార్లు పోయి రావడానికి సరిపోయింది.

ఆ తర్వాత మౌలాలి పదిహేను రోజులకొకసారి ఆదివారం బద్వేలుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. కూడబెట్టడం మానలేదు. నీళ్ళు చేదాడు, రీళ్ళ పెట్టె మోశాడు, బీడీ ముట్టలేదు. శెట్టి దగ్గర డబ్బు పెరుగుతూనే వచ్చింది, కాకపోతే మునుపటి వేగం లేదు. దసరా వచ్చేసరికి డబ్బు చాలలేదు. సుబ్బన్న మాట తప్పలేదు, పండుగ వెళ్ళాక ఇంకో రెండు రోజులు చూశాడు కూడా. మూడోరోజు ఒక బట్టల వ్యాపారి మొత్తం ఒకేసారి ఇచ్చి ఇల్లు తీసుకున్నాడు. ఆ దారిన పోతూ మౌలాలి చూశాడు, వసారాకు సున్నం వేస్తున్నారు. అక్కడ పీరమ్మ కూర్చుని బియ్యం ఏరుకుంటుందని అతడు ఎన్నోసార్లు అనుకున్న చోటు అది. కాసేపు సైకిలు ఆపి, మళ్ళీ తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడాది ఏటికి దూరంగా, ఊరి చివర ఇంకొక గది కొన్నాడు. దానికన్నా చిన్నది, వసారా లేదు. పీరమ్మ వచ్చి ముందర చిక్కుడు తీగ పెట్టుకుంది. అదంతా తర్వాతి మాట.

సుబ్బన్న ఇల్లు పోయిన ఆ వారం, శుక్రవారం మౌలాలి దర్గాకు అందరికన్నా ముందు వచ్చాడు. తాత చాప దులుపుకుని అప్పుడే కూర్చున్నాడు.

"ఇల్లు పాయె తాతా."

తాత తల ఊపాడు. "పిల్ల ఎట్లుంది?"

"మొన్న ఆదివారం నేను బయలుదేరేటప్పుడు నా చెప్పులు దాచిపెట్టింది. పోనీకుండా."

తాత కిందికి చూశాడు. మౌలాలి కాళ్ళు వట్టివి. చీలమండల దాకా దుమ్ము.

"దొరకలేదా?"

"యాడ పెట్టిందో చూసినా," అన్నాడు మౌలాలి. "గాదె వెనక. తియ్యలేదు."

తాత పక్కకు జరిగి, చాప మీద అతడికి చోటిచ్చాడు.